మాసిక నిలిచిందా?

చిరిగిన పంచెకు వేసే అతుకును మాసిక అంటాం. సాఫ్టువేరు లోపాన్ని పూడ్చే ‘ప్యాచి’కి ఇంతకన్న మంచి తెలుగుమాట నాకు తోచదు. అయితే పంచెను విడిచి కుట్టుకోవచ్చు. నడుస్తున్న వెబ్ సర్వరుకు మాసిక వేయడమంటే కట్టుకున్న పంచెను కట్టుకున్నట్టే కుట్టడం.

2021 అక్టోబరు మొదటివారం సర్వర్లకు కాపలా కాసేవారికి గుర్తుండే ఉంటుంది. అపాచీ సర్వరు 2.4.49 కూర్పులో ఒక లోపం బయటపడింది. వెబ్ చిరునామాలో పక్కపక్కన రెండు చుక్కలు పెడితే పై ఫోల్డరుకు వెళ్ళమని అర్థం. సర్వరు దీన్ని అడ్డుకోవాలి. కాని చుక్కను సంకేతరూపంలో రాస్తే పోల్చుకోలేక, కొన్ని అమరికలలో లోపలి ఫైళ్ళను బయటపెట్టేది. అక్టోబరు 4న 2.4.50 వచ్చింది. అది చుక్క వేసుకున్న ఒక ముసుగును తీసి చూసింది. ముసుగు మీద ముసుగు వేసుకున్న చుక్కను వదిలేసింది. మూడు రోజులకే, 7న, 2.4.51 రావలసివచ్చింది. మాసికకే మాసిక!

ఆ రాత్రి నేను చూస్తున్న సర్వరు ద్వారా విద్యార్థులు పరీక్షరుసుములు కడుతున్నారు. ఆపితే వారికి గడువు దాటిపోతుంది, ఆపకపోతే వారి వివరాలకు రక్షణ లేదు. కొత్త కూర్పు ఎక్కించాను. ఏ కూర్పు ఉందని అడిగితే యంత్రం 2.4.51 అంది. బయటినుంచి పేజీని తెప్పించి చూస్తే, జవాబు శీర్షికలో 2.4.50 అనే ఉంది. రెండూ నిజమే. డిస్కు మీదున్నది కొత్తది, మెమరీలో నడుస్తున్నది పాతది. ‘గ్రేస్‌ఫుల్’ రీస్టార్టు పిల్ల ప్రాసెస్సులను మారుస్తుంది గాని, తల్లి ప్రాసెస్సు పాతదే మిగులుతుంది. పూర్తిగా ఆపి లేపక తప్పదు. ఆపేముందు కాన్ఫిగరేషన్ పరీక్ష నడిపితే, ఒక మాడ్యూలు కొత్త కూర్పుతో పొసగడంలేదని తేలింది. అలాగే ఆపి ఉంటే సర్వరు మళ్ళీ లేచేది కాదు. దాన్ని సరిచేశాక, ఆపి లేపడానికి పట్టింది కొన్ని సెకన్లే. దాడిచేసేవాడు పంపే అభ్యర్థననే నేనూ పంపి, సర్వరు నిరాకరించడం కళ్ళారా చూశాకే కుర్చీలోంచి లేచాను.

అదే ఏడాది ఆగస్టు 5న, కృష్ణ ఒడ్డునున్న మా ముక్త్యాలకు ఎగువన, పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. జలాశయం మట్టం తగ్గించాకే అక్కడ స్టాప్‌లాగులు దించగలిగారు. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు పోయినప్పుడు, ఇంజనీరు కన్నయ్య నాయుడు మార్గదర్శకత్వంలో, ప్రవాహం సాగుతుండగానే దించారు. ఆపి బాగుచేయడం, ఆపకుండా బాగుచేయడం – సందర్భాన్ని బట్టి రెండూ సరైనవే. ఏది ఎంచుకున్నా చివరికి చూడవలసింది నీరు ఆగిందా లేదా అన్నదే. అది గట్టు మీది నివేదికలో కాదు, దిగువన తెలుస్తుంది.

‘ప్యాచి వేసేశాం’ అని తృప్తిపడే తోటి పనివారికి నా మనవి ఒక్కటే: సర్వరు తన గురించి మీకు చెప్పేది విన్నాక, బయటివాడికి ఏమి చెబుతున్నదో కూడా ఒకసారి అడిగి చూడండి.