కొండ చిన్నదే, చలి చిన్నది కాదు

ఐర్లండు దేశంలో అన్నిటికంటె ఎత్తయిన శిఖరం కారన్‌టూహిల్. ఎత్తు ఎంతనుకున్నారు? 1,039 మీటర్లు! మన హార్సిలీ హిల్స్ అంతకంటె ఎత్తు. డబ్లిన్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు "ఓస్, ఇంతేనా!" అని కాటన్ చొక్కా, జీన్స్ ప్యాంటుతో బయలుదేరేది ఈ అంకె చూసే. వాళ్ళను చూడబోయిన తల్లిదండ్రులూ వెంట నడుస్తారు.

ఈ కొండ నైరుతి మూలన, కెర్రీ కౌంటీలో, అట్లాంటిక్ సముద్రానికి దగ్గరగా ఉంది. క్రోనిన్స్ యార్డ్ నుంచి నడిస్తే ముందు 'ముసలమ్మ లోయ', అందులో రెండు సరస్సులు. అంతవరకు హాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు అక్కడే ఫలహారం చేసి వెనక్కి తిరగడం మంచిదని నా సలహా. ఆపైన 'దయ్యం నిచ్చెన', వదులు రాళ్ళు నిండిన ఇరుకు చీలిక. పైవారి కాలు తగిలి దొర్లిన రాయి కిందివారి మీద పడుతుంది. దిగడానికి 'జిగ్‌జాగ్' దారి, చుట్టయినా మేలు. శిఖరం నుంచి బీన్‌కెరా వైపు సాగే గట్టు మరీ సన్నం, రెండు పక్కలా లోయలే. దారి తెలిసినవారు తోడు లేనిదే అటు పోకండి.

ఈ ఎత్తులో ఊపిరాడకపోవడమంటూ ఉండదు. అసలు శత్రువులు తడి, గాలి. సముద్రపు మేఘం ఎప్పుడు కమ్ముతుందో చెప్పలేం. కింద 14 డిగ్రీలుంటే పైన 7, 8 మాత్రమే. గొడుగు ఆ గాలికి నిలవదు. తడిసిన నూలుబట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. 37 ఉండవలసిన శరీరోష్ణం 35కి తగ్గితే అదే 'హైపోథెర్మియా'. మొదట వణుకు. తరువాత వేళ్ళు బొత్తాము పెట్టలేవు, మాట ముద్దగా వస్తుంది, మనిషి మొండికేస్తాడు. ఆపైన వణుకు ఆగిపోతుంది. "హమ్మయ్య, తేరుకున్నాడు" అనుకుంటారు చూసేవారు. కాదండీ! వేడి పుట్టించే శక్తి అయిపోయిందన్నమాట. కొందరు ఆ స్థితిలో బట్టలు విప్పేస్తారు కూడా.

అప్పుడేం చేయాలి? గాలి తగలని చోట తడిబట్టలు మార్చండి. కింద ఏదైనా పరిచి పడుకోబెట్టి, తలతో సహా కప్పండి, ముఖం మాత్రం వదలండి. స్పృహ ఉండి మింగగలిగితే వెచ్చని తీపి పానీయం ఇవ్వండి. కాళ్ళూ చేతులూ రుద్దకండి. బ్రాందీ అసలు వద్దు: అది చర్మానికి రక్తం మళ్ళించి ఉన్న వేడిని పోగొడుతుంది. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారిలో చక్కెర పడిపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి, కనుక వారి జేబులో గ్లూకోజు ఉండాలి.

ఊలు బనీను, వాన కోటు, పొడి జత ఒకటి సంచిలో పెట్టుకోండి. ఆపదలో 112కు ఫోనుచేసి 'మౌంటెన్ రెస్క్యూ' అని అడగాలి. 1966 నుంచి పనిచేస్తున్న కెర్రీ రక్షకదళంవారు స్వచ్ఛందంగా వస్తారు. అయితే వారు మిమ్మల్ని చేరడానికి గంటలు పట్టవచ్చు. అందాకా రోగిని ఒంటరిగా వదలకండి, నడిపించకండి.