గోడ తాగిన నీళ్లు

మా అమ్మ పడుకునే గది గోడ మీద ఏడాదికో కొత్త దేశం పుట్టేది. తొలకరి పడగానే అడుగున సన్నటి చెమ్మ గీత. ఆగస్టుకల్లా మోకాలెత్తు మరక. దీపావళి నాటికి నీరు ఆరిపోయి, తెల్లటి ఉప్పు పువ్వులా విచ్చుకుని, సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలేది. పొద్దున్నే ఆ రాలిందంతా చీపురుతో ఊడ్చి ఎత్తిపోస్తూ, "మూసీ పుట్టిన గుట్ట కింద ఇల్లు కట్టుకోని నీళ్లొద్దంటే ఎట్లరా!" అని నవ్వేది.

వికారాబాద్‌లోని ఆ ఇల్లు 1958లో నాన్న కట్టించింది. రాతి పునాది, డంగు సున్నంతో తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, నేలకు తాండూరు బండలు. పునాదికీ గోడకీ మధ్య చెమ్మను ఆపే పొర మాత్రం వేయలేదు. ఇప్పటి ఇంజినీర్లు దాన్నే డీపీసీ అంటారు. అది లేకపోతే, దీపం వత్తి నూనెను పీల్చినట్టు ఇటుకలోని సన్నటి రంధ్రాలు నేలలోని నీటిని పైకి పీలుస్తాయి. మామూలుగా ఓ మీటరు ఎత్తు దాకా. నీటితోపాటు లవణాలూ ఎక్కుతాయి. నీరు ఆవిరైపోతుంది. ఉప్పు గోడలోనే మిగిలి, గడ్డకట్టి, పూతను బయటికి నెట్టేస్తుంది.

ముప్ఫై ఏళ్లు పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ని. ఈ పాఠం నాకు కంఠతా వచ్చు. అయినా చేసిన నిర్వాకం చూడండి. 2016లో రిటైరైన ఉత్సాహంలో ఆ గోడకు నాలుగడుగుల ఎత్తున సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాను. అందులో వాటర్‌ప్రూఫ్ పౌడరు కూడా కలిపించాను. ఒక ఏడాది గోడ తళతళలాడింది. తరవాతి వానాకాలానికి మరక ఐదడుగులకు ఎక్కింది. సున్నపు పూతలోంచి ఆవిరైపోయే నీటికి నేను దారి మూసేశాను. అది పైన ఇంకో దారి వెతుక్కుంది. బీరువా వెనక నల్లటి బూజు పట్టింది. అమ్మకు దగ్గు మొదలైంది.

'ముందు ఆ గదిలోంచి మార్చండి' అన్నారు డాక్టరు. ఊపిరితిత్తులు బాగుపడాలని ఒకప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో అనంతగిరి శానిటోరియానికి వచ్చేవారు. ఆ గుట్ట కిందే ఉంటూ మా అమ్మకు చేజేతులా దగ్గు తెచ్చిపెట్టాను.

హైదరాబాద్ నుంచి తమ్ముడు వచ్చాడు. "కూలగొట్టి కొత్తది కట్టుకుందాం అన్నా" అన్నాడు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. అది ఒప్పుకోలు కాదని మా ఇద్దరికీ తెలుసు.

అప్పుడే ఒకాయన కరెంటుతో గోడను ఆరబెట్టే పద్ధతి గురించి చెప్పారు. పేరు ఎలక్ట్రో ఆస్మాసిస్. గోడ అడుగున వరసగా రంధ్రాలు వేసి టైటానియం తీగ అమరుస్తారు. అది పాజిటివ్. బయట నేలలో పాతిన కడ్డీ నెగెటివ్. ఓ చిన్న పెట్టె నుంచి కొద్ది వోల్టుల డీసీ కరెంటు వెళ్తుంది. ఇటుక రంధ్రాల గోడలకు ఋణావేశం ఉంటుంది. దాన్ని ఆనుకున్న నీటిలో ధన అయాన్లు ఎక్కువ. అవి నెగెటివ్ కడ్డీ వైపు కదులుతూ నీటినీ తమతో లాక్కుపోతాయి.

మాయమాటేం కాదు. 1809లో మాస్కోలో రాయిస్ అనే శాస్త్రవేత్త తడి బంకమట్టిలోకి కరెంటు పంపి, నీరు నెగెటివ్ వైపు కదలడం కళ్లారా చూశాడు. 1930ల చివర్లో జర్మనీలో కాసాగ్రాండే అనే ఇంజినీరు దీంతోనే రైలు మార్గం దగ్గర మెత్తటి నేలను గట్టిపరిచాడు. నాలోని మాస్టారు ఉబ్బిపోయాడు. అడ్వాన్సు ఇవ్వబోయి, ఓ మాట అడిగాను. "ముందు మేమేం చేయాలి?"

పాత పూత మీటరు పైదాకా గీకించాలి. గోడ పక్క మట్టి తగ్గించాలి. లీకులుంటే బాగు చేయించాలి. ఉప్పు బాగా పట్టిన గోడల్లో కరెంటు ప్రభావం తగ్గుతుందని కూడా దాచకుండా చెప్పారాయన. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇవన్నీ చేశాక గోడ ఆరితే, ఆర్పింది కరెంటా, పారా? నా దగ్గర చదివిన పిల్లాడెవడైనా ఒక ప్రయోగంలో నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే మార్కులు వేసేవాణ్నా?

మర్నాడు పాత తాపీ మేస్త్రీని పిలిపించాను. ఆయన గోడ వైపు చూడనేలేదు. గడప దగ్గర నిలబడ్డాడు. "సారూ, మీ నాయిన ఉన్నప్పుడు నాలుగు మెట్లెక్కి లోపలికొచ్చేటోల్లం. ఇప్పుడెన్నున్నయ్?"

ఒక్కటే ఉంది. రోడ్డు మీద రోడ్డు వేసినప్పుడల్లా మేమూ వాకిట్లో మొరం పోయించుకున్నాం. మూడు మెట్లు నేలలోకి పోయాయి. వాటితోపాటు గోడ కూడా. పైగా స్నానాలగది పైపు మట్టిలోనే పగిలి ఉంది.

2018 దసరా తరవాత పని మొదలైంది. గోడ పొడవునా రెండడుగుల లోతు కాలువ తవ్వి కంకర నింపాం. దాని అవతల వాలుగా తాండూరు బండలు పరిచాం. పైపు మార్చాం. సిమెంటు పూత పూర్తిగా గీకించేశాం. ఇక గోడ ఆరాలి. అంగుళానికో నెల అని లెక్క. "తొమ్మిది నెలలా? నిన్ను మోసినన్ని దినాలు!" అంది అమ్మ, హాల్లో వేసిన మంచం మీంచి.

గోడ పైపైన తాకి తెలుసుకోలేం. ఉప్పు వల్ల మీటర్లు కూడా తప్పు చూపిస్తాయి. అందుకని ఇటుకలో మెల్లగా డ్రిల్లు చేసి, ఆ పొడి వంద గ్రాములు తూచి ఆరబెట్టాను. మొదటిసారి ఎనభై ఆరు గ్రాములే మిగిలింది. తొమ్మిదో నెలలో తొంభై ఆరు. అప్పుడు మేస్త్రీ సున్నం, ఇసుకలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి పూత పూశాడు.

ఇప్పటికీ గట్టి వానలకు ఈశాన్యం మూల కాస్త మసకబారుతుంది. ఆ కరెంటు పెట్టెను నేను తప్పుపట్టను. చేయాల్సినవన్నీ చేశాక కూడా ఆరని గోడకు అదో దారి కావచ్చు. నేను మాత్రం మెట్లు లెక్కపెట్టకుండా ముందే సైన్సు వెతుక్కున్నాను.

పూత ఆరాక అమ్మ తన గదికి వెళ్లింది. చిన్నప్పుడు జ్వరమొస్తే నా నుదురు చూసినట్టు, చెయ్యి తిప్పి మెటికలతో గోడను తాకి చూసింది. "తగ్గింది" అని మంచం దులుపుకుంది.