తాబేలు ఎక్కడిదని అడిగేవాళ్లు, పట్టింది ఎవరని కూడా అడగాల

మాది కోసిగి, ఎరుకల కుటుంబం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

మా హాస్టల్లో ఒకడు ఫోన్లో నక్షత్ర తాబేలు వీడియో చూపించి, "ఇది అడివిలో పట్టింది కాదంట, ఫారంలో పెంచిందంట. కొంటే తప్పేముంది?" అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. కోళ్లఫారం కోడి మాదిరే కదా అనిపిస్తుంది. కానీ లెక్క అట్ల లేదు.

ఈ తాబేలు మన రాయలసీమ మెట్ట నేలల్లో బతికేదే. తొలకరి పడితే ముళ్లకంపల్లోంచి బయటికొస్తుంది. మా అవ్వ మాత్రం దాన్ని ఇంట్లోకి రానీదు. "అమీనా సొచ్చిన ఇల్లు, తాబేలు సొచ్చిన ఇల్లు ఒకటే" అంటాది. అమీనా అంటే జప్తుకొచ్చే కోర్టు మనిషి. సిటీల్లో మాత్రం అదే తాబేలుంటే డబ్బు కలిసొస్తుందని కొంటాండారు. విదేశాలకూ దొంగతనంగా పోతాంది. 2015లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, మన దేశంలో ఒక్క వ్యాపార కేంద్రం కిందనే ఏడాదికి కనీసం 55,000 తాబేళ్లు అడివి నుంచి పట్టినారు. 2019లో సైటిస్ ఒప్పందం దీన్ని మొదటి అనుబంధంలో చేర్చింది. అంటే అడివిలో పట్టినదాన్ని దేశాల మధ్య వ్యాపారం చేయడం బంద్.

మరి ఫారంలో పెంచింది? ఆడ తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. పెట్టే గుడ్లూ కొన్నే. అన్నేళ్లు మేపేదానికంటే చేన్లో ఏరుకొచ్చేది చవక. "పెంచింది" అనేది కాగితం మీద మాట, చిప్ప మీద రాసుండదు. పైగా మన దేశంలో అది యాడ పుట్టినా సరే, అనుమతి లేకుండా అమ్మినా, కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. 2022 సవరణతో అది మొదటి షెడ్యూల్లోకి పోయింది. 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 జరిమానా.

ఇంకో పక్క చూడండి. 2020లో కేంద్రం ఒక పథకం పెట్టింది. విదేశీ జంతువులను పెంచుకునేవాళ్లు ఆరు నెలల్లో తమంతట తాము చెప్పుకుంటే, అవి యాడివో కాగితాలు చూపించే పనిలేదని అప్పుడు చెప్పినారు. ఇగ్వానా పెంచుకునే సిటీ ఆయనకు అప్పుడు అంత వెసులుబాటు ఇచ్చినారు. తాబేలు ఏరిన కూలోనికి జైలు.

నా బాధ ఇక్కడే ఉంది. పంట పోయినాక సగం ఊరు గుంటూరు మిరప చేన్లకు వలసపోయే ప్రాంతం మాది. అట్లాంటి చోట ఏజెంటు వచ్చి "నాలుగు తాబేళ్లు పట్టియ్, చాలు" అంటే ఆశ పుడుతుంది. లాభం పైవాళ్లది, కేసు పట్టినోనిది. బ్రిటిషోళ్లు మన ఎరుకలోళ్లను నేరస్థ తెగ అని రాసినారు. 1952లో చట్టం ఆ ముద్ర తీసేసింది గానీ, ఊరి మనసులోంచి పోలేదు. ఒక్కడు దొరికితే కులం మొత్తాన్ని అంటారు.

అట్లని మన తెలివి వదులుకోవాలనా? కాదు. తమిళనాడులో ఇరులర్లు ఒకప్పుడు తోళ్ల కోసం పాములు పట్టేవాళ్లు. చట్టంతో ఆ బతుకు పోయింది. 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పర్మిషన్‌తో పాములు పట్టి, విషం తీసి, మళ్లీ అడివిలో వదుల్తారు. పాముకాటు మందుకు ఆ విషమే ఆధారం. వాళ్లలో ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మన నల్లమలలో చెంచు సోదరులు పులుల అడివికి కాపలా ఉన్నారు. జాడ తెలిసినోనికి జీతమిచ్చి, కాపలా పెట్టాల.

కాబట్టి తమ్ముళ్లూ, ఏజెంటు ఎంతిచ్చినా తాబేలు ముట్టుకోవద్దు. ఎవరైనా "ఇది పెంచింది" అంటే, తల్లిదండ్రులు యాడివని అడగండి. మెట్ట పొలాల్లో కూడా మనోళ్లను వాచర్లుగా తీసుకోమని ఫారెస్టోళ్లకు అందరం కలిసి అర్జీ రాద్దామా? మీ మండలం పేరు కింద పెట్టండి.