నెల్లూరు నేలలో రోము బంగారం

నెల్లూరు పట్టణం నుంచి తూర్పుగా పాతిక కిలోమీటర్లు ప్రయాణిస్తే మైపాడు వద్ద బంగాళాఖాతం ఎదురవుతుంది. దారి పొడుగునా వరిపొలాలు, రొయ్యల చెరువులు, బకింగ్‌హాం కాలువ, సరుగుడు తోపులు కనిపిస్తాయి. పెన్నా నది సముద్రంలో కలిసేది ఈ తీరంలోనే. దక్షిణాన కృష్ణపట్నం రేవు, ఇంకా దిగువన దుగరాజపట్నం, ఆపైన పులికాట్ సరస్సు. ఈ తీరం పేరు చెప్పగానే మనకు మొలగొలుకుల బియ్యం, చేపల పులుసు, తుఫానులు జ్ఞప్తికి వస్తాయి. ఎక్కడో మధ్యధరా సముద్రంలో ఉన్న ఇటలీ మాత్రం ఎవరికీ జ్ఞప్తికి రాదు. అయినా ఈ రెండు తీరాల మధ్య సంబంధం రెండువేల ఏళ్ల నాటిది. ఆ సంబంధాన్ని కాపాడినవారిలో ముస్లిం నావికులు, గణితవేత్తలు, పాలకులు ఉన్నారన్న సంగతి మన ఇళ్లలో కూడా కొద్దిమందికే తెలుసు.

నాగలికి తగిలిన కుండ

1780ల దశకంలో నెల్లూరు సమీపాన ఒక రైతు రాళ్లతో నిండిన కొండవాలు భూమిని దున్నుతున్నాడు. నాగలి ఇటుక కట్టడానికి తగిలి ఆగిపోయింది. తవ్వి చూస్తే ఒక చిన్న దేవాలయపు శిథిలాలు, వాటి అడుగున ఒక కుండ బయటపడ్డాయి. కుండలో ఉన్నవి రోము చక్రవర్తుల బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టీనా రాణివి వాటిలో ఉన్నాయి. అంటే క్రీస్తుశకం 2వ శతాబ్ది నాటివి. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్లు మెరుస్తున్నాయి. మరికొన్ని అరిగిపోయి, రంధ్రాలు పడి ఉన్నాయి. వాటిని ఎవరో ఆభరణాలుగా ధరించి ఉంటారు. రోము నగరపు నాణెం నెల్లూరు సీమలో ఏ ఇల్లాలి మెడలోనో కాసుల పేరులా వేలాడిందన్నమాట.

ఆ రైతుకు అవి పాత బంగారం మాత్రమే. ఆ లెక్కనే అమ్ముకున్నాడు. అనేక నాణేలు కంసాలి మూసలో కరిగిపోయాయి. అప్పట్లో నెల్లూరు సీమ ఆర్కాటు నవాబు ముహమ్మద్ అలీ వాలాజాహ్ ఏలుబడిలో ఉండేది. ఆయన కుమారుడు అమీరుల్ ఉమరా ఈ వార్త విని, మిగిలిన వాటిని సేకరించాడు. ముప్పైకి పైగా నాణేలు ఆ విధంగా బతికి బయటపడ్డాయి. వాటిలోంచి రెండింటిని ఎంచుకున్న మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ రాసిన లేఖ 'ఏషియాటిక్ రీసెర్చెస్' రెండవ సంపుటంలో అచ్చయింది. దక్షిణ భారతంలో రోము నాణేల గురించి లోకానికి అందిన తొలి వార్తల్లో అది ఒకటి.

ఋతువు ఎరిగిన నావికులు

ఆ నాణేలు ఇక్కడికి ఎందుకు వచ్చాయి? రోము సంపన్నులకు మిరియాలు, ముత్యాలు, సన్నని నూలు వస్త్రాలు కావాలి. బదులుగా ఇవ్వడానికి వారి వద్ద ఉన్నది ప్రధానంగా బంగారం, వెండి. ఏ ఏడూ భారతదేశం తమ సామ్రాజ్యం నుంచి 5 కోట్ల సెస్టెర్సులకు తక్కువ కాకుండా లాగుకుంటున్నదని ప్లినీ అనే రోము పండితుడు 1వ శతాబ్దిలోనే వాపోయాడు.

రోము సామ్రాజ్యం క్షీణించినా సముద్రం మీద రాకపోకలు ఆగలేదు. అరబ్బు, పారశీక నావికులు గాలుల రాకపోకలను లెక్కగట్టి ఓడలు నడిపారు. ప్రయాణానికి అనువైన కాలాన్ని వారు 'మౌసిమ్' అన్నారు. మనం ఉర్దూలో వాడే మౌసమ్ అదే. ఐరోపావారి నోట అది 'మాన్‌సూన్' అయింది. ఏటా నెల్లూరు రైతు ఎదురుచూసే ఋతుపవనానికి ఐరోపా భాషల్లో ఉన్న పేరు అరబ్బు నావికులు ఇచ్చినదే.

1244-45లో కాకతీయ గణపతిదేవుడు నెల్లూరు తీరానికి ఉత్తరాన ఉన్న మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. పూర్వపు రాజులు తుఫానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకంతా లాగుకునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోనని అందులో ప్రకటించాడు. దూరదేశపు వర్తకునికి అంతకు మించిన ఆహ్వానం ఉండదు. ఆ శతాబ్ది ముగియకముందే వెనిస్ నగరవాసి మార్కో పోలో మోటుపల్లిని, అక్కడి రాణి న్యాయపాలనను, సాలెగూడంత సన్నని వస్త్రాలను వర్ణించాడు. ఆ రాణి రుద్రమదేవి.

ఇటలీ నేర్చుకున్న పాఠం

తెలుగును అజంత భాషయిన ఇటాలియన్‌తో పోల్చడం మనకు అలవాటు. ఆ పోలిక వినడానికి ఇంపుగానే ఉంటుంది. అంతకంటే లోతైన బంధం లెక్కల్లో ఉంది.

భారతదేశంలో పుట్టిన పది అంకెల పద్ధతిని 9వ శతాబ్దిలో బగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ అరబ్బీలో వివరించాడు. పీసా నగరానికి చెందిన లియొనార్డో తండ్రి ఉత్తర ఆఫ్రికాలోని బుజాయా రేవులో, తమ నగర వర్తకుల పక్షాన సుంకపు కచేరీలో పనిచేసేవాడు. కుమారుడు అక్కడే ఈ అంకెలు నేర్చుకున్నాడు. ఫిబొనాచీగా ప్రసిద్ధుడైన ఇతడు 1202లో 'లిబెర్ అబాచీ' గ్రంథం రాసి, వాటిని ఇటలీ వర్తకులకు అందించాడు. అవి భారతీయుల అంకెలని, సున్నాను అరబ్బులు 'సిఫ్ర్' అంటారని దాచకుండా చెప్పాడు. ఆ 'సిఫ్ర్' ఇటలీలో రూపు మార్చుకుని 'జీరో' అయింది.

కొత్త విద్యను ఐరోపా వెంటనే ఆదరించలేదు. 1299లో ఫ్లారెన్సు వడ్డీవ్యాపారుల సంఘం ఖాతా పుస్తకాల్లో ఈ అంకెలను నిషేధించింది. అయినా ఉపయోగం ముందు నిషేధం నిలవలేదు. 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పచోలీ గ్రంథం జమకు, ఖర్చుకు జంటగా పద్దు రాసే విధానాన్ని వివరించింది. ఆంగ్ల వర్తకులు దాన్ని 'ఇటలీ పద్ధతి' అనే పిలిచారు. నేటి బ్యాంకు ఖాతాకు మూలం అదే.

మాటలు కూడా అదే ఓడల్లో ప్రయాణించాయి. నాణేల ముద్ర అయిన 'సిక్కా' నుంచి వెనిస్ టంకశాలకు 'జెక్కా' అన్న పేరు వచ్చింది. 'దీవాన్' సుంకపు కచేరీకి పేరై 'దొగానా' అయింది. 'దారుస్సినాఅ', అంటే పనిశాల, 'ఆర్సెనల్'గా మారింది. గిడ్డంగులకు అరబ్బీ పేరు 'మఖాజిన్'. అది ఇటలీ మీదుగా ఇంగ్లీషుకు చేరి 'మ్యాగజైన్' అయింది. పాఠకులారా, మీ చేతిలో ఉన్న మాసపత్రికను ఇంగ్లీషులో పిలిచే పేరు కూడా అరబ్బీ బిడ్డే.

తిరిగి వచ్చిన పద్దు

1626లో ఆంగ్లేయులు దుగరాజపట్నం వద్ద వర్తక స్థావరం నెలకొల్పారు. వారు దాన్ని ఆర్మగాన్ అన్నారు. మద్రాసు కోటకు స్థలం దొరికింది 1639లో. అంటే నెల్లూరు తీరం దానికంటే ముందే వారి లెక్కల పుస్తకాలను చూసింది. ఈ దేశంలో పుట్టి, బగ్దాదు, బుజాయా, పీసాల మీదుగా తిరిగిన అంకెలు కంపెనీ వారి చేతిలో ఇక్కడికి మళ్లీ వచ్చాయి. 1801లో నెల్లూరు సీమ నవాబుల చేతి నుంచి కంపెనీ చేతికి పోయింది. విద్య ఎవరి సొత్తూ కాదు. దాన్ని ఎవరు శ్రద్ధగా నేర్చుకుంటే వారికి అది బలమవుతుంది, ఎవరు నిర్లక్ష్యం చేస్తే వారి చేజారిపోతుంది. ఈ గుణపాఠం మన పిల్లల చదువుకూ వర్తిస్తుంది.

మరొక విషయం కూడా ఆలోచించదగినది. ఆ కుండలోని నాణేలు ఎన్నో మనకు తెలియదు. మిగిలిన ముప్పై చిల్లరే మాట్లాడుతున్నాయి. కరిగిపోయినవి ఎన్నటికీ మాట్లాడవు. నేడు తీరమంతటా చెరువులు, రహదారులు, పునాదులు తవ్వుతున్నారు. పారకు తగిలిన ప్రతి పెంకూ, ప్రతి నాణెమూ ఒక సాక్ష్యం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం అటువంటివి దొరికినవారు కలెక్టరుకు తెలియజేయాలి. వారికి దక్కవలసిన వాటాను కూడా ఆ చట్టమే చెబుతుంది. భూమిలో దొరికిన పాత నిధిలో అయిదో వంతు ధర్మకార్యాలకు చెందాలని ఇస్లాం ధర్మశాస్త్రం కూడా విధించింది. దొరికిందంతా నాదే అనే హక్కు ఎవరికీ లేదన్నది రెండింటి సారాంశం.

మన ఇళ్లలోని పెట్టెల్లోనూ తాతల నాటి దస్తావేజులు, నవాబుల కాలపు సనదులు, పాత సిక్కాలు, చెదలు పడుతున్న ఫారసీ కాగితాలు ఉండవచ్చు. వాటిని చిత్తు కాగితాల వారికి, కంసాలికి అప్పగించే ముందు చదవగలిగిన వారికి ఒకసారి చూపించాలి. వాటి ఛాయాచిత్రాలు తీసి భద్రపరచాలి. అవి ఎవరివో, ఎక్కడివో పిల్లలకు చెప్పాలి. పూర్వుల జ్ఞాపకం మన వద్ద ఉన్న అమానత్. దాన్ని చెక్కుచెదరకుండా తరువాతి వారికి అప్పగించడమే మన బాధ్యత.