ఎలుకలున్న ఇల్లు, పిట్టగోడ లేని ఇల్లు

ధ్యాన భాగం: ద్వితీయోపదేశకాండము 22:8



ఈసారి ధ్యానం ఎలుకల గురించి. నవ్వుకుంటే నవ్వుకోండి గాని చివరిదాకా చదవండి. వరికోతలు అయిపోయి పొలాలు బోసిపోయాక అక్కడి ఎలుకలు ఊరిమీద పడతాయి. ఆ రోజుల్లో గృహ కూడికలో ప్రార్థన మనవులు చెప్పమంటే, పిల్ల పెళ్లి, అబ్బాయి ఉద్యోగం, మోకాళ్ల నొప్పులు అన్నీ అయ్యాక ఎవరో ఒక అమ్మ మెల్లగా అంటుంది: "అయ్యగారూ, ఇంట్లో ఎలుకలతో వేగలేకపోతున్నామండీ." మిగతావాళ్లు ముసిముసిగా నవ్వుతారు. నిజానికి అందరి ఇళ్లలోనూ అదే బాధ.

సేవకుల ఇళ్లకు ఇవి ఇంకాస్త ఎక్కువే వస్తాయి. మన సంఘాల్లో తల్లులు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం దాన్ని మందిరానికి తెస్తారు. ఆ పిడికెడు బియ్యం అంతా సంచికి చేరి మా వంటగది పక్కన ఉంటుంది. దేవునికిచ్చిన బియ్యమని ఎలుకకు భయం ఏముంటుంది? సంచి అడుగున చిల్లు పెడుతుంది. హార్మోనియం తిత్తి కొరుకుతుంది. దాచిపెట్టిన క్రిస్మస్ నక్షత్రం కొరుకుతుంది. జంబుకానా మడతల్లో పిల్లలు పెడుతుంది. దాని ముందుపళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరికి అరగదీసుకోక తప్పదు. చిట్టెలుక సుమారు మూడు వారాలకే ఈనుతుంది, ఒక్కో ఈతకు ఐదారు పిల్లలు. ఈరోజు ఒక జంటను చూసి ఊరుకుంటే పండగ నాటికి మంద తయారవుతుంది.

నష్టం బియ్యంతో పోయేది కూడా కాదు. ఎలుక మూత్రం కలిసిన నీళ్లు, తిండి వల్ల ఎలుక జ్వరం వస్తుంది. డాక్టర్లు దాన్ని లెప్టోస్పైరోసిస్ అంటారు. కాబట్టి పాపం పోనీలే అని వదిలేయడానికి లేదు, ఇంట్లోంచి పంపాల్సిందే. ఎలా పంపాలన్నదే ఈరోజు మన ముందున్న ప్రశ్న.

లేఖనాల్లో ఎలుక

లేవీయకాండము 11వ అధ్యాయంలో నేలమీద పాకే అపవిత్రమైన చిన్న జంతువుల వరుసలో ఈ జాతి కూడా కనిపిస్తుంది. అలాంటిది చచ్చి మట్టికుండలో పడితే ఆ కుండనే పగలగొట్టమని ధర్మశాస్త్రం చెప్పింది. సూక్ష్మక్రిముల సంగతి మనుషులకు తెలియని కాలంలో దేవుడు తన ప్రజల వంటింటిని ఎంత శ్రద్ధగా చూశాడో గమనించండి.

మొదటి సమూయేలు 6వ అధ్యాయం ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. దేవుని మందసము ఏడు నెలలు ఫిలిష్తీయుల దేశంలో ఉంది. జనానికి గడ్డలు లేచాయి, ఎలుకలు దేశాన్ని పాడుచేశాయి. అప్పుడు వాళ్ల యాజకులు ఐదు బంగారు గడ్డలు, ఐదు బంగారు ఎలుకలు చేయించి మందసముతోపాటు బండిమీద పంపించమన్నారు. ఎలుకల కోసం బోన్లు పెట్టమని వాళ్లు చెప్పలేదు. తమది కానిది తమ దగ్గర ఉందని, దాన్ని పంపించేస్తేగాని ఈ తెగులు పోదని గ్రహించారు. ఇంట్లో ఉండకూడనిది ఏదో ఉంది, ముందు దాన్ని బయటికి పంపాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

రేవులో తాడు

మా ఊరినుంచి విశాఖపట్నం రేవుకు, స్టీలుప్లాంటుకు పనికి వెళ్లేవాళ్లు చాలామంది. రేవులో పనిచేసే సహోదరుణ్ణి అడిగితే ఒక సంగతి చెబుతాడు. ఓడను గట్టుకు కట్టే లావుపాటి తాళ్లకు గుండ్రటి రేకు పళ్లేలు అడ్డంగా బిగిస్తారు. ఎలుక తాడుమీద నడిచి ఓడనుంచి ఒడ్డుకు గాని, ఒడ్డునుంచి ఓడకు గాని పోకుండా అవి అడ్డుకుంటాయి.

దీని వెనక పెద్ద కథ ఉంది. 1894లో హాంకాంగ్‌లో ప్లేగు చెలరేగింది. 1896లో అది బొంబాయిలో బయటపడి, అక్కడినుంచి దేశంలోకి పాకి లక్షలాదిమందిని తీసుకుపోయింది. ఓడలెక్కి రేవునుంచి రేవుకు తిరిగింది ఎలుకలే. 1898లో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు కరాచీలో పరీక్షలు చేసి, ఎలుకల ఒంటిమీద ఉండే గెంతే పురుగుల ద్వారా ఈ జబ్బు పాకుతుందని చూపించాడు. మన విశాఖ రేవు 1933లో ప్రారంభమయ్యేనాటికి లోకమంతా ఓడ ఎలుకల మీద కన్నువేసి ఉంది. ఈనాటికీ విదేశాలకు తిరిగే ఓడ దగ్గర శుభ్రతకు సంబంధించిన ఆరోగ్య పత్రం ఉండాలి. అది ఆరు నెలలే చెల్లుతుంది, తర్వాత మళ్లీ తనిఖీ.

ఆ రేకు పళ్లెం ఎలుకను చంపదు, దారి మూస్తుంది. అంత పెద్ద ఓడకు అది పనికొస్తే మన రెండు గదుల ఇంటికి పనికిరాదా?

మా ఇంట్లో చేసే పని

మా ఇంట్లో మేము చేసేది కూడా ఇంతే. ముందు దారులు వెతుకుతాం. పెన్సిలు పట్టేంత సందు ఉంటే చాలు, చిట్టెలుక దూరుతుంది. తలుపు కింద సందుకు రేకు బద్ద కొట్టిస్తాం. నీళ్లు పోయే తూముకు ఇనుప జాలీ పెడతాం. గోడలో కన్నాలకు గిన్నెలు తోమే స్టీలు పీచు దట్టంగా కుక్కి, పైన సిమెంటు మెత్తుతాం. ఉత్త మట్టి పెడితే రాత్రికి రాత్రే తోడేస్తుంది గాని, స్టీలు పీచును కొరకలేదు. పైకప్పు మీద వాలే చెట్టు కొమ్మలు కొట్టిస్తాం, ఎందుకంటే ఎలుకకు కొమ్మ కూడా తాడే.

తర్వాత తిండి దాస్తాం. పిడికెడు బియ్యం ఇప్పుడు మూతబిగించిన రేకు డ్రమ్ములోకి పోతుంది. రాత్రి ఎంగిలి గిన్నెలు వదలం. కోళ్ల గింజలు, కుక్క గిన్నెలో మిగిలిన అన్నం పొద్దుపోయేలోగా తీసేస్తాం. తిండి దొరకని ఇంట్లో ఎలుక కాపురం పెట్టదు.

అప్పుడే బోను. ఎండుకొబ్బరి ముక్క, ఎండుచేప తల, లేదా వేడి పకోడీ. బోనును గోడ వారగా పెట్టాలి, ఎలుక గోడను ఆనుకునే నడుస్తుంది. పెద్ద ఎలుక కొత్త వస్తువును అనుమానిస్తుంది కాబట్టి రెండు మూడు రోజులు తలుపు తెరిచి, మేత పెట్టి వదిలేసి, అలవాటయ్యాక బిగిస్తాం. జిగురు అట్టలు మాత్రం మేము వాడం. వాటికి అతుక్కున్న ప్రాణి గంటలకొద్దీ గింజుకుంటుంది. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని కూడా లెక్కచేస్తాడని సామెతల గ్రంథం బోధిస్తుంది. ఎలుక మన పశువు కాకపోవచ్చు గాని, దాన్ని చిత్రహింస పెట్టే అధికారం కూడా మనకు లేదు.

ఈ పనులన్నీ చేసినా ఎలుకలు ఒక్కరోజులో పోవు, రెండు మూడు వారాలు పడుతుంది. ఆ ఓపిక లేకే చాలామంది దుకాణానికి వెళ్లి మందు తెస్తారు.

పిట్టగోడ

మా ఇంట్లో ఎలుకల మందు ఉండదు. మా సంఘంలోని ఇళ్లలో కూడా ఉండకూడదని మేము బతిమాలుతున్నాం.

కొన్నేళ్ల కిందట ఒక ఇంటికి ఆదరణ కూడికకు వెళ్లాం. ఊరు, పేరు రాయం. ఇంటర్ చదివే పిల్ల. ఇంట్లో చిన్న మాట పట్టింపు, సాయంత్రానికి సర్దుకుపోయే సంగతి. ఆ తల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఒకే ఒక్క మాట మళ్లీ మళ్లీ అంది: "ఎలుకల కోసమే తెచ్చానండీ అయ్యగారూ." ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఆమెను నిందించే హక్కు ఎవరికీ లేదు, దుకాణంలో అందరూ కొనేదే ఆమె కూడా కొంది. అలాంటి ఇంటిని వేలెత్తి చూపించే విశ్వాసులకు మేము ప్రేమతో చెప్పేది ఒక్కటే: నోరు మూసుకుని ఆ ఇంటికి అన్నం పట్టుకెళ్లండి.

ఆ తర్వాతనుంచి ద్వితీయోపదేశకాండము 22:8 మాకు వేరుగా కనిపిస్తోంది. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలని, ఎవరైనా పడిపోతే ఆ రక్తదోషం ఇంటిమీదికి రాకూడదని ఆ వచన భావం. పడేవాడు ఎందుకు పడ్డాడు, తొందరపడ్డాడా, కోపంలో ఉన్నాడా, కాలు జారిందా అని దేవుడు అడగలేదు. గోడ ఉందా అని ఇల్లుగలవాణ్ణి అడిగాడు. నిర్గమకాండము 21లో గొయ్యి తవ్వి మూత పెట్టనివాడి సంగతి కూడా ఇదే. అందులో ఎద్దు పడితే గొయ్యి తవ్వినవాడే నష్టం కట్టుకోవాలి. మరి మనిషి పడితే?

వంటగది అలమరలో ఎలుకల మందు ఉన్న ఇల్లు పిట్టగోడ లేని మేడ. చిన్నపిల్లలు రంగు బిళ్లలను బిస్కెట్లనుకుంటారు. పెద్దపిల్లలకు క్షణికావేశంలో అది చేతికి అందుతుంది. మా ప్రాంతంలో తండ్రి సి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోతుంటాడు, తల్లి కూలికో కంపెనీ పనికో వెళ్లిపోతుంది. కోపం వచ్చిన పిల్లకు ఆ గంటలో మాట్లాడే మనిషి ఉండడు గాని ఆ మందు ఉంటుంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు అని మన పెద్దలు అన్న సామెత ఇలాంటిదానికే.

"చావాలనుకున్నవాళ్లు ఎలాగైనా చస్తారు, మందు లేకపోతే మరొకటి" అని కొందరు అంటారు. అది నిజం కాదు. బంగాళాఖాతం దాటితే శ్రీలంక ఉంది. అక్కడ 1995 నుంచి మరీ ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించారు. 2005 నాటికి ఆ దేశంలో ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. ఆ పదేళ్లలో వాళ్ల కష్టాలు తీరిపోలేదు, యుద్ధం కూడా ముగియలేదు. చేతికి అందే విషం తగ్గింది. ఆ గడియ దాటినవాళ్లలో ఎక్కువమంది బతికారు.

అపొస్తలుల కార్యములు 16లో ఫిలిప్పీ చెరసాల నాయకుడు అర్ధరాత్రి కత్తి దూశాడు. ఖైదీలు పారిపోయారని, ఇక తన బతుకు అయిపోయిందని అనుకున్నాడు. చీకట్లోంచి పౌలు గట్టిగా కేక వేశాడు, హాని చేసుకోవద్దని, తామంతా అక్కడే ఉన్నామని. అదే రాత్రి ఆ మనిషి వాళ్ల గాయాలు కడిగాడు, ఇంటివాళ్లందరితో బాప్తిస్మం పొందాడు, భోజనం పెట్టి సంతోషించాడు. కత్తికీ భోజనానికీ మధ్య ఉన్నది కొద్ది గంటలే. మేమంతా ఇక్కడే ఉన్నామని చెప్పే గొంతు ప్రతి ఇంట్లోనూ ఉండాలి. ఆ గొంతు వినిపించేదాకా కత్తి చేతికి అందకుండా ఉండాలి.

ఈ వారం చేయవలసినవి

ఇంటికి వెళ్లి అలమర, అటక, గేదెల పాక వెతకండి. ఎలుకల మందు దొరికితే కాలువలోనో చెరువులోనో పారేయకండి. తాళంలో పెట్టి, చెత్త తీసుకెళ్లే పంచాయతీవారికి విషమని చెప్పి విడిగా ఇవ్వండి. పొలంలో వాడక తప్పనప్పుడు వ్యవసాయ శాఖవారు చెప్పినట్టు ఊరంతా కలిసి పొలంలోనే వాడండి. మిగిలింది ఇంటికి తేవద్దు.

ఎవరైనా తెలియకనో తెలిసో ఎలుకల మందు నోట్లో పెట్టుకుంటే ఒక్క నిమిషం ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నాలు చేయకండి. మందు పొట్లం వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. కొన్ని రకాలకు విరుగుడు ఉంది, ఏ మందో తెలిస్తేనే అది ఇవ్వగలరు. కొన్ని రకాలు మొదటి రోజు ఏమీ కానట్టే ఉంచి, తర్వాత కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మనిషి బాగానే ఉన్నాడు కదా అని డాక్టరు చెప్పకుండా ఇంటికి తెచ్చుకోవద్దు.

యవనస్థులారా, మనసు బరువెక్కిన రాత్రి ఏ వేళ అయినా మా తలుపు తట్టండి. మాతో చెప్పలేనిదైతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయ నంబరు, డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు సహాయం అడగడం విశ్వాసం తక్కువ కావడం కాదు. లూకా వైద్యుడని మరచిపోకండి.

ప్రార్థన

మా ఇంటిని కట్టిన తండ్రీ, మా గోడల్లోని కన్నాలు మాకు చూపించు. మా పిల్లల మనసుల్లో మేము చూడని కన్నాలు కూడా చూపించు. మా ఇంట్లో ఉండకూడనిదాన్ని బయటికి పంపే తెలివి, ఉండవలసిన మాటను సమయానికి పలికే ప్రేమ మాకు దయచెయ్యి. పిల్లలను పోగొట్టుకున్న తల్లులను నీ చేతులతో ఆదరించు. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ. ఆమేన్.