మరి, మర్రి... పెరో, పెర్రో

బయట ముసురు పట్టింది, లోపల టీ మరుగుతోంది. ఇవాళ మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్తాను. మా పిన్ని కూతురు వచ్చే నెల స్పెయిన్ వెళ్తోంది, సలమాంకాలో ఏడాది చదువుకి. ఒకప్పుడు నేనూ అక్కడే చదివాను కదా, పొద్దున్నే ఫోన్ చేసింది. "అక్కా, మొదట్లో ఎలా ఉంటుందే? ఏం సర్దుకోమంటావ్?" అంది. ఫోన్లో తెమిలే సంగతేనా అది? చెల్లికి చెప్పాల్సినవి మీకూ చెప్తాను. ఈ రోజుల్లో ఎవరింట్లో చూసినా ఎవరో ఒకరు ఎక్కడికో పెట్టె సర్దుతూనే ఉన్నారు.

సలమాంకా మాడ్రిడ్‌కి వాయవ్యంగా, తోర్మెస్ ఏటి ఒడ్డున ఉంది. వేగంగా పోయే రైలైతే రెండు గంటల లోపే. అక్కడి విశ్వవిద్యాలయం 1218లో మొదలైంది. ఇక్కడ ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్న రోజులవి. స్పెయిన్‌లో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో అంత పాతది ఇంకోటి లేదు. ఊరి పక్కనే దొరికే రాయితో కట్టారు ఊరంతా. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడే రాయి అది. అందులో ఇనుము ఉండటంవల్ల పొద్దువాలే వేళ గోడలన్నీ పసుపు రాసిన గడపల్లా వెలుగుతాయి.

విశ్వవిద్యాలయం పాత ముఖద్వారం నిండా చెక్కడాలే. కుడివైపు స్తంభం మీద ఒక పుర్రె, దాని నెత్తిన చిన్న కప్ప. ఎవరూ చూపించకుండా ఆ కప్పని పట్టుకున్నవాళ్లు పరీక్ష గట్టెక్కుతారని విద్యార్థుల నమ్మకం. రెండో రోజు నేనూ మెడ పైకెత్తి నిలబడ్డాను. రాజుల బొమ్మలు, లతలు, డాళ్లు, ఏవేవో జంతువులు కనిపిస్తున్నాయి గానీ కప్ప కనబడదు. మెడ నొప్పెట్టేదాకా చూసి వెళ్లిపోయాను. ఎక్కడ వెతకాలో తెలియనప్పుడు ఎంతసేపు చూసినా అంతే. మొదటి మూడు వారాలూ నాకు ఆ దేశం మొత్తం అలాగే ఉండింది.

ముందు భోజనం వేళల సంగతి చెప్పాలి. చేరిన మర్నాడు పన్నెండున్నరకే కడుపు కాలిపోతోంది. హోటల్‌కి వెళ్తే వంటిల్లు ఇంకా తెరవలేదన్నారు. ఒంటిగంటకి ఎదురుపడ్డ ముసలాయన "బ్వేనోస్ దియాస్" అన్నాడు, అంటే శుభోదయం. ఒంటిగంటకి ఉదయమేమిటని ఆశ్చర్యపోయాను. వాళ్లకి భోజనమయ్యేదాకా ఉదయమే. తినేది రెండింటికి, మూడింటికి. అప్పటినుంచి అయిదు దాకా చిన్న కొట్లన్నీ మూసే ఉంటాయి. రాత్రి తొమ్మిదిన్నరకి గానీ వంటింట్లో గిన్నె చప్పుడు వినపడదు. అప్పటికి మన దగ్గర ఒంటిగంట, అమ్మతో మాట్లాడదామన్నా కుదరదు.

తర్వాత తెలిసింది దీని లెక్క. స్పెయిన్ ఉండాల్సింది ఇంగ్లండ్ టైములో. 1940లో గడియారాన్ని గంట ముందుకి జరిపి జర్మనీ టైముతో కలిపారు, మళ్లీ వెనక్కి తిప్పలేదు. పైగా ఎండాకాలంలో ఇంకో గంట జరుపుతారు. సలమాంకా దేశానికి పడమటి వైపు ఉంది కాబట్టి సెప్టెంబర్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది రెండుంబావు ప్రాంతంలో. అది తెలిశాక నా మనసు కుదుటపడింది. మా అమ్మమ్మ గడియారం చూసేది కాదు. వాకిట్లో నీడ కాళ్ల కిందకి వచ్చిందంటే "అన్నానికి లేవండి" అనేది. సలమాంకా వాళ్లు చేసేదీ అదే. ఆ రోజునుంచి నేను చేతిగడియారం వంక చూడటం మానేసి నీడ వంక చూశాను. ఆకలి కూడా సర్దుకుంది.

రెండోది కాగితాలు. ఆరు నెలలకి మించి ఉండే విద్యార్థి, దిగిన నెల లోపల గుర్తింపు కార్డుకి దరఖాస్తు పెట్టాలి, వేలిముద్రలివ్వాలి. దానికి ముందు అపాయింట్‌మెంట్ కావాలి, వాళ్లు "సీతా ప్రేవియా" అంటారు. ఏ కిటికీ దగ్గరికి వెళ్లినా ముందు ఆ మాటే వినపడుతుంది. ఫలానా ఇంట్లో ఉంటున్నానని ఊరి పురపాలక కార్యాలయంలో పేరు రాయించుకోవడం ఇంకో పని. చెల్లికి గట్టిగా చెప్పేది ఇదే: పెట్టె విప్పకముందే అపాయింట్‌మెంట్ కోసం కూర్చోమని.

ఒక కార్యాలయంలో నా దరఖాస్తు వెనక్కి వచ్చింది. ఇంగ్లీషు ఫారాల అలవాటుకొద్దీ మొదటి గడిలో నా పేరు, చివరి గడిలో ఇంటిపేరు రాశాను. వాళ్ల ఫారంలో మొదటి గడి ఇంటిపేరుకి, రెండోది రెండో ఇంటిపేరుకి, ఆ తర్వాతే పేరుకి. అక్కడ ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లుంటాయి. మామూలుగా మొదటిది నాన్న వైపునుంచి, రెండోది అమ్మ వైపునుంచి. పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. మనం మార్కెస్ అని పిలుచుకునే కొలంబియా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్కెస్‌కి గార్సియా నాన్న ఇచ్చింది, మార్కెస్ అమ్మ ఇచ్చింది. స్పానిష్ మాట్లాడే చోట్ల చాలావరకూ ఇదే పద్ధతి. నాకు రెండో ఇంటిపేరు లేదు, ఆ గడి ఖాళీగా వదిలేయొచ్చు. కానీ మొదటి గడి తప్పినందుకు మళ్లీ రెండు వారాలు తిరిగాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఒళ్లు ఝల్లుమంది. శుభలేఖ మీద మా తాతయ్య పేరు ఎలా వేస్తారు? ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. అచ్చం తెలుగువాళ్లం రాసుకున్నట్టు రాసి ఉంటే సరిపోయేది.

తిండి విషయం. నేను మాంసం తినను. "మాంసం లేకుండా" అని అడిగితే చేప ముక్కలు వేసి తెచ్చేవారు, చేప వాళ్ల లెక్కలో మాంసం కాదు. ఏమేం తినరో ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పుకోవాలి. గుడ్డు తినేవాళ్లయితే బంగాళాదుంపల అట్టు ఉంది, తోర్తీయా అంటారు, ఎక్కడైనా దొరుకుతుంది. నన్ను నిలబెట్టింది మాత్రం సలమాంకా పప్పులే. ఊరికి ఉత్తరాన లా ఆర్మూన్యా అనే నేల ఉంది, అక్కడ పండే లెంతేఖాస్ అంటే మన మసూర్ లాంటి పప్పే, పొట్టుతో ఉంటుంది. ఎంతో పేరున్న పప్పు అది. వాళ్లు ఎండిన మాంసంతో ఉడికిస్తారు. నేను ఉల్లిపాయ, టమాటా వేసి ఉడికించి జీలకర్ర, వెల్లుల్లి తాలింపు పెట్టాను. కారం కోసం నేను గది తీసుకున్న ఇంటావిడ అల్మారాలోంచి ఒక ఎర్ర డబ్బా తీసి ఇచ్చింది, పిమెంతోన్ అని. రంగు చూస్తే గుంటూరు కారమే. నాలిక మీద పెట్టుకుంటే మంట లేదు, కట్టెల పొయ్యి మీద కాల్చిన వంకాయ వాసన. కొండల అవతల లా వేరాలో మిరపపళ్లని ఓక్ కట్టెల పొగలో ఎండబెట్టి పొడి చేస్తారట. అమెరికానుంచి మిరప స్పెయిన్‌కి చేరింది, పోర్చుగీసు ఓడల్లో మన తీరానికీ వచ్చింది. ఒక్క తల్లి పిల్లలు రెండిళ్లలో పెరిగినట్టు.

ఇక అసలు విషయం, భాష. హైదరాబాద్‌లో రెండేళ్లు స్పానిష్ నేర్చుకునే వెళ్లాను. కానీ నేర్చుకున్నది ఇంగ్లీషు పుస్తకాల్లోంచి. ఎవరేమడిగినా అది ముందు ఇంగ్లీషులోకి మారాలి, జవాబు ఇంగ్లీషులో తయారవాలి, మళ్లీ స్పానిష్‌లోకి దిగాలి. ఈలోపల మాట దాటిపోయేది. కూరగాయల కొట్లో వెనక నలుగురు నిలబడి ఉంటే, టమాటాలు కిలో కావాలని చెప్పడానికి గొంతు పెగిలేది కాదు. గదికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చిన రోజులున్నాయి.

మూడో వారంలో జ్వరం తగిలింది. సలమాంకా దాదాపు ఎనిమిది వందల మీటర్ల ఎత్తున ఉంది, పగలు ఎండ కాసినా చీకటి పడితే చలి. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే ఇంటావిడ నా మొహం చూసి "ఏమైంది, ఈఖా?" అని అడిగింది. ఈఖా అంటే కూతురా అని. మన పెద్దవాళ్లు ముక్కూమొహం తెలియని పిల్లనైనా "ఏమ్మా" అన్నట్టు అక్కడి పెద్దవాళ్లూ అంటారు. ఆ పిలుపుకి కళ్లు చెమర్చాయి. మనసులో వచ్చిన మాట తెలుగులో వచ్చింది: నాకు తల నొప్పిగా ఉందమ్మా. నోట్లోంచి "మే దువేలె లా కబేసా" అని వచ్చేసింది. మధ్యలో ఇంగ్లీషు లేదు. "మే" అంటే "నాకు".

ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసి, సీమచామంతి పూల టీ కాచి ఇచ్చింది. మనకి శొంఠి కషాయం ఎలాగో వాళ్లకి అది అలాగ. ఆ రాత్రి దుప్పటి కప్పుకుని ఒక్కొక్కటే పోల్చుకున్నాను. మే గుస్తా, నాకు నచ్చింది. మే పరేసె, నాకనిపిస్తోంది. మే ద మియేదో, నాకు భయమేస్తోంది. అన్నీ "నాకు"తోనే! ఇంగ్లీషు "నేను" అని మొదలుపెట్టే చోట స్పానిష్, తెలుగు రెండూ "నాకు" అంటున్నాయి. "మాట్లాడతాను" అంటే నేనే అని మనకి తెలిసినట్టు, "ఆబ్లో" అంటే వాళ్లకీ తెలుస్తుంది, వేరే "నేను" అక్కర్లేదు. నువ్వు, మీరు ఉన్నట్టే తూ, ఉస్తెద్ ఉన్నాయి.

విద్యార్థుల్ని ఏడిపించే "ఉండటం" సంగతి చూడండి. ఇంగ్లీషులో ఒకే క్రియ, స్పానిష్‌లో రెండు: సెర్, ఎస్తార్. పుస్తకంలో రెండు పేజీల నియమాలు. నేను తెలుగులో అనుకున్నాను: మంచు చల్లగా ఉంటుంది, చారు చల్లగా ఉంది. మొదటిది సెర్, రెండోది ఎస్తార్. అన్నిచోట్లా సరిపోదు, కానీ చెయ్యి పట్టుకుని మొదటి మెట్టు ఎక్కిస్తుంది.

మర్నాటినుంచి తరగతిలో స్పానిష్ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. వాళ్ల త, ద మన త, దలే. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నన్నాళ్లూ ట, డ పలికాను. ఒకరోజు పంతులమ్మ నా నోటుబుక్కు మీదకి వంగి ఇదేం లిపి అని అడిగింది. అప్పుడు "పెరో", "పెర్రో" పలికిస్తోంది. పెరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క. ఇంగ్లీషు పిల్లలు ఆ రెండో దాని దగ్గర నాలిక తిరగక వారాలుగా తంటాలు పడుతున్నారు. నేను బోర్డు మీద "మరి", "మర్రి" అని రాసి చదివాను. మరి కూడా మీ పెరోలాగే మాటల్ని కలిపేదే, మర్రి మా ఊరి చెట్టు అని చెప్పాను. ఆవిడ మళ్లీ మళ్లీ చదివించుకుంది. ఇదే ఊళ్లో పాఠాలు చెప్పిన అంతోనియో దె నెబ్రిఖా 1492లో తమ భాషకి వ్యాకరణం అచ్చు వేయించాడని, ఐరోపాలో జనం మాట్లాడే భాషకి అచ్చయిన తొలి వ్యాకరణం అదేనని చెప్పింది. మా కేతన 13వ శతాబ్దంలోనే తెలుగుకి తెలుగు పద్యాల్లో వ్యాకరణం రాశాడని నేను చెప్పాను. ఆ ఊళ్లో నేను తలెత్తి మాట్లాడిన మొదటి రోజు అది.

ఆ సాయంత్రం మళ్లీ ముఖద్వారం దగ్గరికి వెళ్లాను. ఏటవాలు ఎండలో పుర్రె నీడ తేలింది, దాని నెత్తిన కప్ప కూర్చుని ఉంది.

చెల్లికి చింతపండు అరకిలో, ఆవాలు, ఇంగువ సర్దుకోమంటాను. దాంతోపాటు ఒక మంచి నోటుబుక్కు పెట్టుకోమంటాను, మొదటి రోజునుంచే తెలుగు అక్షరాల్లో రాసుకోవడానికి. ఇంగ్లీషు దారిన వెళ్తే చుట్టు ఎక్కువ తల్లీ, ఇంట్లోంచి నేరుగా దారి ఉంది అని చెప్తాను.

ఇంకొక్కటి చెప్పి లేస్తాను. అక్కడ లిఫ్టులో ఒక నిమిషం కలిసి ప్రయాణించినవాళ్లూ, రొట్టె అమ్మినవాళ్లూ దిగేటప్పుడు "అస్త లువేగో" అంటారు, మళ్లీ కలిసేదాకా అని. మొదట్లో మళ్లీ ఎప్పుడు కలుస్తామని తెల్లబోయేదాన్ని. తర్వాత గుర్తొచ్చింది. మన ఇంట్లో గడప దాటేవాళ్లు "వెళ్తాను" అంటే అమ్మ ఊరుకుంటుందా? "వెళ్లొస్తాను" అనిపించేదాకా వదలదు. ఏడాది అయ్యాక సామాను దించుతుంటే ఇంటావిడ తలుపు దగ్గర నిలబడి ఆ మాటే అంది. నేనూ అదే అన్నాను.

టీ అయిపోయింది, వాన తగ్గినట్టుంది. వెళ్లొస్తానండీ మరి.