చేపల తొట్టెలో తెల్ల పురుగులు

ఇంట్లో అక్వేరియం ఉన్నవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుంది. అద్దం మీద దారప్పోగులాంటిదేదో మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. చూడగానే ఒళ్ళు జలదరిస్తుంది.

అనకాపల్లిలో మా ఇంట్లోనూ అదే జరిగింది. నులిపురుగుల మందు వేసేద్దాం అన్నారు మావారు. మందు వేస్తే నత్తలు చచ్చిపోతాయని పాప ఏడుపు. అసలు తొట్టే తీసేద్దాం అనేదాకా వచ్చింది మాట. అత్తయ్యగారు మాత్రం ఏమీ అనలేదు. మావయ్యగారు పోయి ఏడాదయింది. అప్పట్నుంచి ఆవిడ ఎక్కువసేపు కూర్చునేది ఆ తొట్టె ముందే. అది తీసేస్తే మధ్యాహ్నాలు ఎలా గడుస్తాయా అని నా బెంగ.

ముందు అదేం పురుగో చూద్దాం అన్నాను. పాప దగ్గర ఫోల్డ్‌స్కోప్ ఉంది. కాగితం మడిచి చేసుకునే మైక్రోస్కోప్. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మను ప్రకాశ్‌గారి బృందం తయారుచేసి, 2014లో ఆ వివరాలు ప్రచురించింది. 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది. మన పనికి అది చాలు.

డ్రాపర్‌తో పురుగుని పీల్చి, స్లైడ్ మీద ఒక్క చుక్క వేసి, పైన పల్చటి కవర్ స్లిప్ పెట్టాం. మీరూ చూస్తే ఇవి గమనించండి. తల బాణం మొనలా ఉండి, రెండు కళ్ళ చుక్కలు కనిపిస్తూ, అద్దం మీద జారుతున్నట్టు నడిస్తే అది ప్లనేరియా. దాన్ని నలిపితే లాభం లేదు, ముక్కలు మళ్ళీ పురుగులవుతాయి. ఒంటిమీద గీతలు, వెంట్రుకలు లేకుండా నున్నగా ఉండి, కొరడాలా కొట్టుకుంటుంటే నెమటోడ్. వానపాములా ఒంటినిండా కణుపులు, పక్కల సన్నటి ముళ్ళ వెంట్రుకలు ఉంటే అది డెట్రిటస్ వార్మ్. వానపాముకి చుట్టమే.

మాది మూడోది. పేగులో గోధుమరంగు చెత్త కదలడం కూడా కనిపించింది. అత్తయ్యగారు కూడా కన్ను పెట్టి చూశారు. “ఒకదాని వెనక ఒకటి అతుక్కున్నాయేంటే అమ్మలూ?” అన్నారు పాపతో. వీటిలో చాలా రకాలు అలాగే పెరుగుతాయి. ఒంటి మధ్యలో కొత్త తల పుట్టి, వెనక భాగం వేరే పురుగుగా విడిపోతుంది.

ఈ కుటుంబానికి నైడిడే అని పేరు. దక్షిణ భారతదేశపు మంచినీళ్ళలో ఉండే ఇలాంటి పురుగుల మీద 1960లలో వరసగా వ్యాసాలు రాసినాయన పేరు కె.వి. నాయుడుగారు. నైడిడే గురించి నాయుడుగారు రాశారని పాప ఒకటే నవ్వు.

ఇవి చేపల్ని ఏమీ చెయ్యవు. మిగిలిన మేత, రెట్ట తిని బతుకుతాయి. బెల్లం ఊరి వాళ్ళం, మనకి వేరే చెప్పాలా? చీమలు పట్టాయంటే ఎక్కడో బెల్లం ఒలికినట్టే. పురుగులు పెరిగాయంటే మేత ఎక్కువైనట్టే. నేను పొద్దున్న చిటికెడే వేస్తాను. మరి?

“మధ్యాహ్నం అద్దం దగ్గరకొచ్చి నోళ్ళు తెరుస్తాయమ్మా. పెట్టకుండా ఎలా ఉండను?” అన్నారు అత్తయ్యగారు.

మావారు ఏదో అనబోతుంటే కళ్ళతోనే ఆపాను. “అయితే ఇకనుంచి మేత బాధ్యత మీదే అత్తయ్యా. పొద్దున్న ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. మేమెవ్వరం డబ్బా ముట్టుకోం” అన్నాను. ఆదివారాలు అడుగున రాళ్ళలో చెత్త పైపుతో లాగి, పావు వంతు నీళ్ళు మార్చడం మావారి వంతు. మందు వెయ్యలేదు.

మూడు వారాలకి అద్దం మీద పురుగులు కనిపించడం తగ్గింది. రాళ్ళలో కొన్ని ఉంటాయి, ఉండనివ్వండి. గప్పీలకి అవి ఇష్టమైన తిండే.

మొన్న మావారు అలవాటుగా మేత డబ్బా తీయబోతే అత్తయ్యగారు చెయ్యి పట్టుకుని ఆపేశారు. “నేను పొద్దున్నే పెట్టేశాను. నువ్వు మళ్ళీ పురుగులు పట్టించకు” అన్నారు.